నిద్ర సుఖమెరగదా? ఎకానమీ సీట్లో కూర్చుని చెప్పండి

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటారు. మొదటి ముక్కతో నాకు పేచీ లేదు. రెండో ముక్కను అమెరికా ప్రయాణానికి సలహాగా వాడేవాళ్ళతోనే నా గొడవంతా. మా అనంతపురంలో పిల్లల దగ్గరికి బయలుదేరే అమ్మానాన్నలకు చుట్టాలూ, వీధిలోవాళ్ళూ, చివరికి టికెట్లు తీసిపెట్టే కుర్రాడూ ఒకటే మాట చెబుతారు: "ముందు రోజు రాత్రి పండుకోవద్దండి. బాగా అలిసిపోయి ఎక్కినారంటే, సీట్లో కూర్చోగానే అదే పట్టేస్తాది."

అలిసిపోయి ఎక్కితే పట్టేది కునుకు. దాన్నే నిద్ర అనుకుని సీట్లో నలిగి, దిగినాక వారం రోజులు కూతురింట్లో మధ్యాహ్నం పూట సోఫాలో ఒరిగిపోయి, "వయసైపోయింది మరి" అని సర్దిచెప్పుకుంటున్నాం. దూరప్రయాణంలో నిద్ర కుదిరినా చెడినా ఇంటి గడప దాటే వేళ దగ్గరే అని నేనంటాను. మెడదిండు, కళ్ళగంతలు, చెవుల్లో దూది, ఇవన్నీ ఆ తర్వాతి మాట.

సామెతను చులకన చెయ్యడం లేదు. పుట్టిన చోట అది నిజమే. కళ్ళంలో గడ్డి మీద, చెట్టు కింద బండరాయి మీద, వేరుశనక్కాయ మూటల మీద, రైల్వే ప్లాట్‌ఫారం గచ్చు మీద అలిసిన మనిషికి నిద్ర పడుతుంది. పరుపు అక్కర్లేదు. కానీ గమనించండి, వీళ్ళంతా నడుం వాల్చినవాళ్ళు. గట్టి పక్క మీదైనా నిద్ర వస్తుందని సామెత చెప్పింది గానీ, కూర్చోబెట్టి బెల్టు కట్టిన మనిషి ఊసు అందులో లేదు.

జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, కాసేపు ఓర్చుకోండి. నిద్రను రెండు విషయాలు నడుపుతాయి. మేలుకున్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పేరుకునే కొద్దీ కళ్ళు బరువెక్కుతాయి. కాఫీ చేసేది ఆ అడినోసిన్ పనిని కాసేపు అడ్డుకోవడమే. రెండోది ఒంట్లోని గడియారం. మెదడు అడుగున ఉండే చిన్న కణాల గుంపు, కంట్లో పడే వెలుతురును బట్టి, ఇది పగలు, ఇది రాత్రి అని ఒళ్ళంతటికీ కబురు పెడుతుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, ఒంటి వేడి కొంచెం తగ్గుతుంది. ఈ రెండూ ఒకే వేళకు కలిసినప్పుడే నిద్ర నిలుస్తుంది. రాత్రంతా మేలుకోమనే సలహా మొదటిదాన్ని పెంచుతుంది, రెండోదాన్ని లెక్కలోకే తీసుకోదు.

ఇక మెడ సంగతి. మన తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. కలలొచ్చే దశలో కండరాలు దాదాపుగా పట్టు వదిలేస్తాయి. పడుకున్నవాళ్ళకు దాంతో ఇబ్బంది లేదు. కూర్చున్నవాళ్ళకు నిద్ర కాస్త చిక్కబడేసరికి తల వాలిపోతుంది, ఉలిక్కిపడి లేస్తారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం పీరియడ్లలో వెనక బెంచీ పిల్లల దగ్గర నేను ఏళ్ళ తరబడి చూసింది ఇదే. వీపు ఎంత వాలితే నిద్ర నిలుస్తుందో ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు రకరకాల సీట్లలో మనుషుల్ని పడుకోబెట్టి చూసి 1987లో ప్రచురించారు. నిటారు నుంచి 40 డిగ్రీలైనా వెనక్కి వాలితే మంచం మీది నిద్రకు దగ్గరగా వస్తుందనీ, మామూలు కుర్చీలా ఉంటే రాదనీ తేలింది. ఎకానమీ సీటు వాలేది నాలుగైదు అంగుళాలు. ఆ 40 డిగ్రీలు ఎక్కడో, మనం ఎక్కడో. చివరి వరుసలో చాలా విమానాల్లో ఆ కాస్తా ఉండదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో బిజినెస్ తరగతిలో పూర్తిగా పరుచుకునే మంచాలు పెట్టింది, తర్వాత మిగతావాళ్ళూ పెట్టారు. వాటిని కొనగలిగినవాళ్ళు చదవడం ఇక్కడే ఆపేయొచ్చు.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2008లో దేవనహళ్ళిలో ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి అనంతపురం వాళ్ళకు ఒక సుఖం ఉంది. అది బెంగుళూరుకు ఉత్తరాన, మన 44వ నంబరు హైవే మీదే ఉంది. నగరం ట్రాఫిక్‌లో పడక్కర్లేదు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటితే వచ్చేసినట్టే, మూడు గంటల పైచిలుకు. కర్నూలు వాళ్ళు అదే రోడ్డు మీద పైకి శంషాబాద్ పోతారు, వాళ్ళకూ ఇంచుమించు అంతే. కడప వాళ్ళకు చెన్నై అయినా బెంగుళూరు అయినా ఇంకాస్త దూరం. కర్నూలు దగ్గర ఓర్వకల్లులోనూ కడపలోనూ విమానాశ్రయాలున్నాయి గానీ, దేశం దాటాలంటే మన ముగ్గురికీ రోడ్డే దిక్కు.

"మూడు గంటలే కదా" అన్న ధీమా దగ్గరే కథ చెడుతుంది. గల్ఫ్ వైపు వెళ్ళే విమానాలు చాలావరకు తెల్లవారుజామున లేస్తాయి. నాలుగింటి విమానం అనుకోండి. ఒంటిగంటకు చేరాలి, అంటే రాత్రి తొమ్మిదిన్నరకు బండెక్కాలి. తొమ్మిదిన్నరకు ఎక్కాలంటే సాయంత్రం నుంచే ఇల్లు జాతర. పెట్టె 23 కిలోలు దాటిందని ఊరుబిండి సీసా ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుతుంది. వర్జ్యం ఎప్పుడు పోతుందో ఒకరు ఫోన్‌లో చూస్తుంటారు. ఒకరు టెంకాయ కొడతారు, ఇంకొకరు మనవడికి ఇమ్మని ఇప్పుడే వండిన అత్తరసాలు పట్టుకొస్తారు. సాగనంపడానికి కార్లో ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కుతారు, వాళ్ళకు పాటలు లేకపోతే పొద్దుపోదు. అందరూ ప్రేమతో వచ్చినవాళ్ళే, ఒక్కరినీ ఏమీ అనలేం. కానీ విమానంలో అడుగుపెట్టే వేళకు మనం నిద్ర లేచి 22 గంటలు దాటింది.

అలిసిపోయాం. సలహా ప్రకారం ఇప్పుడు పట్టేయాలి. దోహా మీదుగా డల్లాస్ వెళ్ళే ప్రయాణాన్నే తీసుకుని గంటలు లెక్కేద్దాం. దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ పొద్దున ఎనిమిదికి పెద్ద విమానం లేస్తే, ఒంటి గడియారానికి అది పదిన్నర. అక్కడి నుంచి డల్లాస్‌కు సుమారు 16 గంటలు. లేచిన గంటన్నర, రెండు గంటలకు భోజనం పెట్టి, కిటికీలు మూయించి, దీపాలార్పుతారు. మన ఒంటికి అప్పుడు మిట్టమధ్యాహ్నం. నిన్నటి జాగారం వల్ల కళ్ళు మూతపడతాయి, గడియారం ఒప్పుకోదు కాబట్టి గంటకోసారి తెరుచుకుంటాయి. ఇలా తూగుతూ లేస్తూ, పేరుకున్న నిద్రను చిల్లరగా ఖర్చు పెట్టేస్తాం. మన అసలు రాత్రి, అంటే అనంతపురంలో పది కొట్టే వేళ, విమానం లేచిన పదకొండున్నర గంటలకు గానీ రాదు. ఒళ్ళు నిజంగా పడుకోవాలని చూసేది అప్పుడు. ఇంకో రెండున్నర గంటలకు రెండో భోజనానికి దీపాలు వేస్తారు. దిగేసరికి మనకు రాత్రి రెండున్నర, డల్లాస్‌లో ఎండాకాలమైతే సాయంత్రం నాలుగు. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో "ఎన్నాళ్ళుంటారు" అని అడిగితే మన పెద్దవాళ్ళు తడబడేది ఇంగ్లీషు రాక మాత్రమే కాదు, ఆ వేళకు తెలుగులో అడిగినా తడబడతారు.

దీనికి చదువుకున్నవాళ్ళ అభ్యంతరం ఒకటుంది. "దీపాలార్పిన వేళ డల్లాస్‌లో రాత్రి. అక్కడి టైముకు అలవాటు పడాలంటే అప్పుడే పడుకోవాలి కదా?" అంటారు మా అల్లుడి లాంటివాళ్ళు. వినడానికి బాగుంటుంది. కానీ ఒంటి గడియారం రోజుకు సుమారు ఒక గంట మాత్రమే జరుగుతుంది. విమానం ఎక్కగానే పదిన్నర గంటలు గెంతదు. చేతి గడియారం ముల్లు తిప్పితే ఒళ్ళు తిరగదు. ఆ ఒక్క రోజుకు ఊరి రాత్రే మన రాత్రి. అందుకే నేను వాచీని దిగేవరకూ మార్చను. మొదటి చీకట్లో చదువుకుంటాను, లేదా ఒక గంటన్నర కునుకు తీసి లేస్తాను. తొమ్మిదిన్నర కాగానే పళ్ళు తోముకుని, గంతలు కట్టుకుని, ఇక ఎవరేం పెట్టినా లేవను. ఆ నాలుగు గంటల నిద్ర ఉంటే డల్లాస్‌లో రాత్రి తొమ్మిది దాకా నిలబడొచ్చు. అది లేకపోతే ఆరింటికే మంచం ఎక్కి, నడిరాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుంటాం.

గల్ఫ్ దాకా పోయే మొదటి విమానంలోనే నా వాదనను కొట్టేసేలా కనిపించే మనుషులుంటారు. ఓసారి నా పక్క సీట్లో రాయచోటి వైపు ఆమె, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోతోంది. విమానం కదలకముందే చున్నీ ముఖానికి చుట్టుకుని నిద్రపోయింది. భోజనం వచ్చింది, పోయింది, ఆమె కదల్లేదు. దిగే ముందు మెడ పట్టుకుని లేచింది. అదృష్టవంతురాలివమ్మా, బాగా పట్టింది నిద్ర అన్నాను.

"యాడ నిద్రక్కా? నడుం వాల్చి మూడు దినాలాయ. ఏజెంటు టికెట్టు పంపించిందే నిన్న మద్యాన్నం. ఇప్పుడు దిగి ఇంగో ప్లేనుకు ఆరు గంటలు కూచోవాల. పోతానే వాళ్ళ పిల్లోళ్ళకు వండి పెట్టాల."

ఆమె కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మెడ ఎడమవైపుకు తిరగడం లేదు. ఇలాంటివాళ్ళను చూపించి "చూశావా, అలిసిపోతే అదే పడుతుంది" అనేవాళ్ళు ఆమె లేచాక చూడరు. నేను చెప్పేవేవీ ఆమెకు పనికిరావు కూడా. ఏ రోజు, ఏ వేళకు ఎక్కాలో ఆమె చేతిలో లేదు. మన చేతిలో ఉంది. పిల్లలు నెలల ముందే ఫోన్ చేసి "అమ్మా, ఏ ఫ్లైట్ తియ్యమంటావు" అని అడుగుతారు. మనం చూసేది రేటు, మంచిరోజు. ఇంటి నుంచి ఏ వేళకు కదలాలి, మన రాత్రి ఆకాశంలో ఎక్కడ పడుతుంది అని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మార్చాం. చుట్టాలందరినీ ముందు ఆదివారమే భోజనానికి పిలుస్తాం, కన్నీళ్ళూ అత్తరసాలూ ఆ రోజుకే అయిపోతాయి. ముందు రెండు రాత్రులు నిండా నిద్రపోతాం. తెల్లవారుజాము విమానమైతే ముందు రోజు పొద్దున్నే టిఫిన్ తిని బయలుదేరి, మధ్యాహ్నానికి దేవనహళ్ళి దగ్గర లాడ్జిలో దిగి, సాయంత్రం ఏడున్నరకే లైటు ఆర్పేసి, అర్ధరాత్రి లేస్తాం. నాలుగున్నర గంటలు, నడుం వాల్చి. "ఒక్క పూటకు గది అద్దె దండగ కాదా వదినా" అని మా ఆడబిడ్డ ఇప్పటికీ అంటుంది. టికెట్లకు అంత పోసి, మెడదిండుకు ఎయిర్‌పోర్టు దుకాణంలో ఆ గది అద్దెలో సగం పోసేవాళ్ళం, అదొక్కటే దండగగా కనిపించడం విచిత్రం.

తిండి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన సీమ భోజనానికీ విమానానికీ పడదు. విమానం 35 వేల అడుగుల్లో ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడి 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ సుమారు 4 వేల అడుగులు, అంటే దానికి ఒకటిన్నర నుంచి రెండింతల ఎత్తులో కూర్చుని ఉంటామన్నమాట. ఒత్తిడి తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది, ఇంటర్మీడియెట్ పుస్తకంలోని బాయిల్ నియమమే. కడుపులోని గ్యాస్‌కూ అదే నియమం, సుమారు మూడో వంతు పెరుగుతుంది. పోయేముందు ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ, పైన అలసందల వడలు తిని ఎక్కినవాళ్ళు ఆ రాత్రి నిద్ర పట్టకపోతే సీటు మీద నెపం పెట్టక్కర్లేదు. పలచటి మజ్జిగన్నం చాలు. టికెట్‌లో శాకాహార భోజనం కనీసం ఒక రోజు ముందే అడిగి పెట్టుకుంటే, సాధారణంగా అందరికన్నా ముందు తెచ్చిస్తారు, ముందు తిని ముందే కళ్ళు మూసుకోవచ్చు. గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. మే నెల ఎండల్లో పెరిగిన మనకు అదేం కొత్త కాదు గానీ, అక్కడ చెమట పట్టదు కాబట్టి దాహం తెలియదు. అడక్కపోయినా తాగుతుండాలి.

మగవాళ్ళ సలహా ఇంకొకటుంది: ఫ్రీగా ఇస్తారు, రెండు పెగ్గులు వేస్తే హాయిగా పడుతుంది. 2024లో జర్మనీ అంతరిక్ష పరిశోధన కేంద్రం వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళనే తీసుకుని, విమానంలో ఉండే ఒత్తిడిలో, మందు తాగించి పడుకోబెట్టి కొలిచారు. నిద్రలో రక్తంలోని ఆక్సిజన్ 85 శాతం దగ్గరికి దిగింది, గుండె వేగం పెరిగింది. నలభై లోపు వాళ్ళకే అలా ఉంటే బీపీ, షుగరు, గుండెలో స్టెంటు ఉన్న అరవైల మనిషి సంగతి ఊహించుకోవచ్చు. నిద్రమాత్ర, జలుబు మాత్ర కూడా నాకు నచ్చవు. మత్తు కలిగించే పాత రకం జలుబు మాత్రలతో నోరు ఎండుతుంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకు మూత్రం బిగుసుకుంటుంది. మత్తులో మనిషి కదలడు, అదీ ప్రమాదమే. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. మొత్తం మీద చూస్తే 6 వేల మందిలో ఒకరికి వచ్చేది, హడలిపోవాల్సింది కాదు. కానీ అది విమానానికే పరిమితం కాదు, కారుకూ బస్సుకూ వర్తిస్తుంది. అంటే మన లెక్క అనంతపురం బైపాస్ దగ్గరే మొదలైంది. పిక్కల కండరాలు కదిలితేనే కాళ్ళలోని రక్తం పైకి పోతుంది కాబట్టి, పాదాలు ఆడిస్తూ, మెలకువ వచ్చినప్పుడల్లా నడుస్తూ ఉండటమే మందు. ఇంతకుముందు గడ్డలు కట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడిగే ఎక్కాలి.

సీటు విషయంలో పుస్తకాల సలహా కిటికీ పక్క: తల ఆనించుకోవచ్చు, ఎవరూ లేపరు. నలభై లోపు వాళ్ళకు అది సరే. రాత్రికి మూడుసార్లు లేచేవాళ్ళకు కిటికీ సీటు శిక్ష, ఇద్దరిని దాటాలన్న మొహమాటంతో నీళ్ళు తాగడం మానేస్తారు. మా ఇంట్లో ఆయన నడవ పక్క, నేను మధ్యలో. పడుకునే పని ఎక్కువగా నాదే కాబట్టి ఆయన భుజమే నా కిటికీ. దుప్పటి మీద బెల్టు కనిపించేలా పెట్టుకుంటే, కుదుపులొచ్చినప్పుడు బెల్టు చూడటానికి సిబ్బంది లేపరు. మెడదిండు తెచ్చుకున్నవాళ్ళు దాని చీలిక వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టుకుని చూడండి, తల ముందుకు వాలినప్పుడు గడ్డం కింద ఆసరా ఉంటుంది. నడుం వెనక ఖాళీలో చుట్టిన తువ్వాలు దానికన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా అనుభవం.

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. తూర్పుకు వచ్చేటప్పుడు గడియారాన్ని ముందుకు జరపాలి, చాలామందికి ఒళ్ళు దానికి తేలిగ్గా లొంగదు. పొద్దుటి ఎండలో నడవడం, మధ్యాహ్నం అరగంటకు మించి పడుకోకపోవడం తప్ప దానికి వేరే మందు నాకు కనబడలేదు. దానికన్నా నన్ను భయపెట్టేది ఆఖరి మూడు గంటలు. విమానం రాత్రి రెండింటికో మూడింటికో దేవనహళ్ళిలో దిగుతుంది. మనల్ని తీసుకుపోవడానికి వచ్చిన డ్రైవరు పగలంతా ఇంకో బాడుగ తోలి, సాయంత్రం బయలుదేరి వచ్చి ఉంటాడు. మనం వెనక సీట్లో కునుకుతుంటాం, ముందు సీట్లో అతనూ అదే పనిలో ఉంటే చూసేవాళ్ళు లేరు. అందుకే తెల్లారాకే బయలుదేరతామని బండి మాట్లాడేటప్పుడే చెప్పి పెడతాం. పెట్టెలు తీసుకుని, కాఫీ తాగి, లోపలే ఆరు దాకా కూర్చుంటాం. అతను పార్కింగులో కారు సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటాడు. ఆ సీటు మాత్రం 40 డిగ్రీలకు పైనే వాలుతుంది.